పేషావర్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు: బగాయి వారి ఇంటి కథ

మన ఊళ్లలో వంశం సంగతి తెలుసుకోవడానికి కాగితాలతో పని లేదు. పంటలు ఇంటికొచ్చే వేళకు వంశరాజులు వాకిట్లో నిలబడి తాతముత్తాతల పేర్లు, గోత్రం, ఏ ఊరి నుంచి ఏ ఊరికి తరలివచ్చారో అంతా పాటలో చెప్పేవారు. కాశీకో గయకో పోతే అక్కడి పండాలు పాత చిట్టాలు తిరగేసి, మీ ముత్తాత ఫలానా ఏడు వచ్చాడని చూపించేవారు. కానీ సముద్రం దాటి పోయినవాళ్ల వెంట వంశరాజులూ పోలేదు, పండాలూ పోలేదు. మరి వందేళ్ల కిందట అమెరికాలో దిగిన మన దేశస్థుల వంశాలను గుర్తుపెట్టుకున్నది ఎవరు?

గుమస్తాలు. ఓడ దిగినవాళ్ల పట్టీ రాసిన గుమస్తా, పెళ్లి లైసెన్సు నింపిన గుమస్తా, ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టిన జనాభా లెక్కల మనిషి. వాళ్లు రాసిందే ఈనాడు అక్కడి మనవళ్లకు వంశవృక్షం. మేమూ ఫారాలు నింపే పనిలోనే బతుకుతున్నవాళ్లం కనుక ఈ విషయం మాకు ఆసక్తిగా అనిపించింది. పేరు ముందా ఇంటిపేరు ముందా అన్న గొడవతో పాస్‌పోర్టులో ఒకలా, వీసాలో ఒకలా పేరు పడినవాళ్లు మన క్యాంపుల్లో ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు. ఒక గుమస్తా కలం పోటు మూడు తరాల దాకా పోతుంది.

ముందుగా మీరు అడగబోయే మాట: తెలుగు కుటుంబం ఏదీ దొరకలేదా? ఆ కాలంలో అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో పెద్ద పేరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. 1895లో భీమవరంలో పుట్టారు, 1920ల మొదట్లో బోస్టన్ చేరారు, క్యాన్సర్ మందుల పరిశోధనలో చరిత్రకెక్కారు. కానీ భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ స్వదేశం చూడలేదు, 1948లో అమెరికాలోనే కన్నుమూశారు. ఆయన పేరు ప్రపంచమంతా ఉంది గాని, అక్కడ ఆయన వంశం లేదు. అందుకే ఈ వారం పంజాబు, పేషావర్ల వైపు చూడాల్సి వచ్చింది. ఆలుబిడ్డలతో కలిసి తొలినాళ్లలోనే అక్కడ కాపురం పెట్టిన కుటుంబాలు బహు తక్కువ. వాటిలో కాగితం కాగితంగా ఆనవాలు దొరికే కుటుంబం బగాయి వారిది.

వైష్ణోదాస్ బగాయి 1891లో పేషావర్‌లో, కలిగినవారి ఇంట పుట్టారు. భార్య కళా గారిది అమృత్‌సర్. చిన్న వయసులోనే పెళ్లయింది. ముగ్గురు కొడుకులు: బ్రిజ్, మదన్, రామ్. వైష్ణోదాస్ గారికి ఆస్తి ఉన్నా తెల్లదొరల పాలన కింద బతకడం ఇష్టం లేదు. అప్పటికే అమెరికా పడమటి తీరంలో మన దేశస్థులు గదర్ పార్టీ పెట్టి స్వాతంత్ర్యం కోసం పత్రిక నడుపుతున్నారు. ఆయన మనసు అటు లాగింది. కూలి కోసం పోయినవాడు కాదన్న మాట. తల ఎత్తుకు తిరిగే చోటు కోసం పోయినవాడు. 1915 సెప్టెంబరులో భార్యను, ముగ్గురు పసివాళ్లను వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో దిగారు.

రేవులో దిగడం అంటే ఊళ్లోకి అడుగుపెట్టడం కాదు. ఆ సముద్రపు పాయలో ఏంజెల్ ఐలాండ్ అని ఒక దీవి ఉంది. 1910లో అక్కడ వలస కేంద్రం తెరిచారు. ఆసియా నుంచి వచ్చినవాళ్లను అక్కడ దింపి, ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, డాక్టరు పరీక్షలు చేసి, నచ్చితే లోపలికి, లేకపోతే వచ్చిన ఓడకే. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు. మన క్యాంపు గదుల్లో రెండంతస్తుల మంచాలుంటే అక్కడ మూడంతస్తులవి. నెలల తరబడి ఆగిపోయిన చైనావాళ్లు చెక్క గోడల మీద కవితలు చెక్కారు, అవి ఇప్పటికీ ఉన్నాయి. వచ్చినవాళ్ల సంఖ్యతో పోల్చి చూస్తే ఆ దీవి నుంచి ఎక్కువగా వెనక్కి పంపించింది మన దేశస్థులనే. కారణం అడిగితే సిద్ధంగా ఒక మాట ఉండేది: వీళ్లు పని దొరక్క ప్రభుత్వానికి భారమవుతారు!

బగాయి గారి దగ్గర ఆ పాచిక పారలేదు. ఆయన 25,000 డాలర్ల విలువైన బంగారం వెంట తెచ్చారు. అధికారులు కళ్లు తేలేశారు. కొద్దిరోజులు ఉంచి వదిలేశారు. ఊరి పత్రికవాళ్లు మాత్రం బంగారాన్ని కాకుండా కళా గారి ముక్కుపుడకను పట్టుకున్నారు. వజ్రపు ముక్కుపుడకతో ఒక భారతీయ స్త్రీ దిగిందని ఫొటో వేసి మరీ రాశారు. పదేళ్లలో ఆ ఊళ్లో అడుగుపెట్టిన మొదటి హిందూ స్త్రీ అని వాళ్ల లెక్క. ఆ వార్త ముక్కే ఈనాడు ఆ కుటుంబ చరిత్రకు మొదటి పేజీ. వినోదం కోసం రాసిన వార్త కూడా వందేళ్లకు సాక్ష్యంగా నిలిచింది చూడండి.

ఇక్కడొక సంగతి గమనించాలి. రెండేళ్లు ఆలస్యమై ఉంటే ఈ వంశం అక్కడ ఉండేదో లేదో. 1917లో అమెరికా కొత్త చట్టం చేసి ఆసియాలో ఒక పెద్ద ప్రాంతం చుట్టూ గీత గీసింది. గీతలోపలి దేశాల నుంచి కూలీలెవరూ రాకూడదు. మన దేశం ఆ గీతలోపలే ఉంది. అప్పటికే అక్కడ పొలాల్లో, రంపపు మిల్లుల్లో, రైలుపట్టాల మీద పనిచేస్తున్న వేలాదిమంది పంజాబీలు భార్యలను తెచ్చుకునే దారి మూసుకుపోయింది. తాము ఇంటికి వెళ్తే మళ్లీ రానిస్తారన్న నమ్మకమూ లేదు. వాళ్ల సంగతి కాసేపట్లో చెబుతాం.

బగాయి దంపతులు బర్కిలీ అనే ఊళ్లో ఇల్లు కొన్నారు. సామాన్లు బండిలో వేసుకుని గృహప్రవేశానికి వెళ్తే ఇంటికి తాళాలు వేసి ఉన్నాయి. ఇరుగుపొరుగు వాళ్లు వేసినవి. ఈ రంగువాళ్లు మా వీధిలో ఉండడానికి వీల్లేదని. డబ్బు కట్టిన ఇల్లే, అయినా వైష్ణోదాస్ గారు వెనుదిరిగారు. ఇలాంటి చోట ఉంటే పిల్లలకు ఏం హాని చేస్తారోనని ఆయన భయం. ఈ సంగతి ఏ రిజిస్టరులోనూ లేదు. చాలా ఏళ్ల తరవాత కళా గారు చెబితేనే తెలిసింది. అక్కడి దస్తావేజుల్లో అమ్మినట్టూ కొన్నట్టూ ఉంటుంది గాని, తాళం వేసినట్టు ఉండదు కదా!

శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉండి ఫిల్మోర్ వీధిలో బగాయి బజార్ అని దుకాణం పెట్టారు. మన దేశపు వింత వస్తువులు అమ్మేవారు. ఆయన కోటు బూటు వేశారు, అక్కడి అలవాట్లు నేర్చారు, పిల్లలను అక్కడి బడికి పంపారు. 1921లో కోర్టులో బ్రిటిష్ రాజుకు విధేయత వదులుకుంటున్నానని ప్రమాణం చేసి అమెరికా పౌరుడయ్యారు. ఆ ఒక్క కాగితం కోసమే ఆయన అంత దూరం పోయింది.

రెండేళ్లు తిరక్కుండానే ఆ కాగితం చెల్లకుండా పోయింది. కథ ఇది. 1790 నాటి చట్టం ప్రకారం అమెరికా పౌరసత్వం తెల్లవారికే. 1870లో ఆఫ్రికా సంతతికి కూడా ఇచ్చారు. మధ్యలో ఉన్న ఆసియావాళ్ల మాటేమిటి? ఒక్కో కోర్టు ఒక్కోలా చెప్పేది. భగత్‌సింగ్ థింద్ అని ఒక పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. శాస్త్రవేత్తల పుస్తకాల ప్రకారం ఉత్తర భారతీయులు కకేషియన్ జాతే కదా అని ఆయన వాదన. అంతకు మూడు నెలల ముందే, 1922 నవంబరులో, ఒక జపానువాడి కేసులో అదే కోర్టు తెల్లవాడంటే కకేషియన్ అని చెప్పి ఉంది. కానీ 1923 ఫిబ్రవరి 19న మాట మార్చింది. శాస్త్రం ఏం చెప్పినా మాకు అనవసరం, దారినపోయే సామాన్య మనిషి ఎవరిని తెల్లవాడంటాడో వాడే తెల్లవాడు అని తీర్పిచ్చింది. రెండు తీర్పులూ రాసిన న్యాయమూర్తి జార్జి సదర్లాండ్. ఆయన పుట్టింది ఇంగ్లండులో. అంటే ఆయన కూడా వలస వచ్చినవాడే. దీని మీద మేము ఏమీ అనం, మీరే అనుకోండి.

ఆ తీర్పు కొత్తవాళ్లతో ఆగలేదు. అంతకుముందే పౌరులైనవాళ్ల కాగితాలు కూడా ప్రభుత్వం వెనక్కి లాగడం మొదలుపెట్టింది. బగాయి గారిది కూడా పోయింది. బ్రిటిష్ విధేయత ముందే వదిలేశారు, అమెరికా పౌరసత్వం ఇప్పుడు తీసేశారు. రెంటికి చెడ్డ రేవడి అంటామే, అచ్చం అదే. కాలిఫోర్నియాలో పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనరాదని 1913లోనే చట్టం ఉంది, 1920లో దాన్ని మరింత బిగించారు. ఆస్తులు వదులుకోవాల్సి వచ్చింది. చివరికి 1928లో స్వదేశంలో బంధువులను చూసి వద్దామనుకుంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. బ్రిటిష్ పాస్‌పోర్టు మీద వెళ్లవచ్చు కదా అన్నారు. ఏ రాజ్యం వద్దని ఇల్లు వదిలి వచ్చారో ఆ రాజ్యం పుస్తకం పట్టుకుని వెళ్లమని! ఆయనకు మనసొప్పలేదు.

1928 మార్చిలో శాన్‌హోసే ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకుని ప్రాణం తీసుకున్నారు. నలభై ఏళ్లు కూడా లేవు. భార్యకు, పిల్లలకు ఉత్తరాలు రాసి, ఒక ఉత్తరం పత్రికకు కూడా పంపారు. ఈ దేశాన్ని నమ్మి వచ్చినవాడికి ఇల్లు కొనే హక్కు, ఊరు వెళ్లి వచ్చే హక్కు లేకుండా చేశారని అందులో వివరంగా రాశారు. పత్రిక దాన్ని అచ్చువేసింది. దీన్ని వీరమరణంగా చెప్పడం మాకు ఇష్టం లేదు. ముందు ఏడాదే, 1927లో, సఖారాం గణేశ్ పండిట్ అనే మనదేశపు లాయరు తన పౌరసత్వం రద్దు చేయకుండా కోర్టులో గెలిచి నిలబెట్టుకున్నాడు. థింద్ కూడా 1930ల్లో యుద్ధంలో పనిచేసినవాళ్లకు ఇచ్చిన చట్టం కింద మళ్లీ పౌరుడయ్యాడు. మూసుకుపోయిందనుకున్న తలుపులు కొన్ని తెరుచుకున్నాయి. అవి తెరుచుకునేసరికి ఆయన లేరు.

సాధారణంగా వంశవృక్షం గీసేవాళ్లు ఇక్కడ తండ్రి పేరు కింద మూడు గీతలు గీసి కొడుకుల పేర్లు రాసి ముందుకు పోతారు. కోడళ్లు, భార్యలు బ్రాకెట్లలో ఉంటారు. కానీ ఈ ఇంట వంశం నిలబడింది కళా గారి వల్ల. ఆమె ఆ దేశంలో దిగినప్పుడు ఇంగ్లీషు అంతంత మాత్రం. భర్త పోయేనాటికి అమెరికాలో ఆమె వైపు మనిషి ఒక్కరు లేరు. వచ్చిన బీమా డబ్బును బ్యాంకువాళ్ల సలహాతో పెట్టుబడి పెట్టి, ఖర్చు చూసుకుని, ముగ్గురు కొడుకులకూ కాలేజీ చదువులు చెప్పించారు. 1934లో కుటుంబానికి తెలిసిన మహేశ్‌చంద్ర గారిని మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. యాభై ఏళ్లు దాటినా ఆనాటికి అది ఇంకా పదిమందీ మాట్లాడుకునే విషయమే. ఎదిగిన కొడుకులున్న తల్లి, పరాయి దేశంలో, ఆ పని చేశారు.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. భార్యలను తెచ్చుకోలేని పంజాబీ రైతుకూలీలు ఏం చేశారు? వాళ్లు మనలాగే గుంపులుగా క్యాంపుల్లో ఉండేవారు. ఇంగ్లీషు వచ్చిన ఒకడు మేస్త్రీ. పొలం యజమానులతో కూలి మాట్లాడడం, లెక్కలు రాయడం వాడి పని. 1910ల చివరినుంచి ఇంపీరియల్ లోయలో, తరవాత యూబా సిటీ వైపు, వీళ్లలో వందలాదిమంది మెక్సికో స్త్రీలను పెళ్లి చేసుకున్నారు. పత్తి పొలాల్లో పక్కపక్కన పనిచేసిన పరిచయాలు. కాలిఫోర్నియా చట్టం తెల్లవారికీ ఇతరులకూ పెళ్లి కుదరదంటుంది. మరి లైసెన్సు ఎలా వచ్చింది? అంతా కౌంటీ ఆఫీసు గుమస్తా దయ. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఇద్దరినీ చూసి, ఇద్దరిదీ ఒకే రంగు అనిపిస్తే ఇద్దరికీ గోధుమ రంగు అని రాసి ముద్ర వేసేవాడు. ఒక్కో ఆఫీసులో ఒక్కో రంగు. ఆ రిజిస్టర్లే ఈనాడు పరిశోధకులకు ఆధారం.

వాళ్లకు పుట్టిన పిల్లలకు పేరు స్పానిష్, ఇంటిపేరు సింగ్. ఇంట్లో రొట్టె ఒకటే, మెక్సికోవాళ్లు తోర్తియా అంటారు, నాన్న రోటీ అంటాడు. అమెరికా గడ్డమీద పుట్టిన పిల్లలు పుట్టుకతోనే పౌరులు, 1898లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. అందుకని తండ్రికి లేని భూమి హక్కు ఉయ్యాల్లో ఉన్న బిడ్డకు ఉండేది. బిడ్డ పేరున పొలం కొని, తండ్రి సంరక్షకుడిగా దున్నుకున్న ఇళ్లు ఎన్నో. బగాయి పిల్లలు పుట్టింది మన దేశంలో కాబట్టి వాళ్లకు ఈ దారి కూడా లేకపోయింది.

అక్కడి జనాభా లెక్కల తమాషా మరొకటి. 1920, 1930, 1940 లెక్కల్లో మనవాళ్లకు జాతి గడిలో పెట్టిన పేరు హిందూ. తలపాగా కట్టిన సిక్కూ హిందువే, నమాజు చేసే ముస్లిమూ హిందువే. పైగా సింగ్ అన్న పేరుతో ఒకే ఊళ్లో పదుల మంది. ఏ సింగ్ ఎవరి తాతో తేల్చడానికి వయసు, ఓడ దిగిన ఏడు, పక్కింటి పేరు అన్నీ కలిపి చూడాలి. అక్కడి చట్టం ప్రకారం జనాభా లెక్కల్లో మనుషుల పేర్లు 72 ఏళ్ల దాకా బయటపెట్టరు. 1950 నాటి లెక్కలు 2022 ఏప్రిల్ 1న తెరిచారు. ఎంతోమంది మనవళ్లు తాతల పేర్లు వెతుక్కోవడానికి అప్పుడు వీలైంది.

1946 జూలైలో ల్యూస్, సెల్లర్ అనే ఇద్దరు సభ్యుల పేరు మీద చట్టం వచ్చింది. భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు, ఏడాదికి 100 మందికి వలస వచ్చే వీలు ఇచ్చారు. వందమంది! మన ఒక్క క్యాంపులో ఒక బ్లాకుకు సరిపోరు. అయినా అప్పటికే అక్కడ ఉన్నవాళ్లకు అది ప్రాణం లేచొచ్చినంత పని. ఇంపీరియల్ లోయలో పత్తి కూలీల మీద ఫోర్‌మన్‌గా పనిచేసిన దలీప్‌సింగ్ సౌంద్ ఆ చట్టం కిందే పౌరుడై, 1956లో అమెరికా పార్లమెంటుకు ఎన్నికయ్యారు. కళా గారు కూడా ఆ చట్టం తరవాతే పౌరురాలయ్యారు. భర్త ఏ కాగితం పోయిందని చనిపోయారో అది భార్య చేతికి వచ్చింది. మరుసటి ఏడాదే దేశవిభజన. పేషావర్ పాకిస్తాన్‌లోకి పోయింది. ఎప్పుడైనా వెనక్కి పోదామన్నా, ఆ ఊరు ఇక భారతదేశంలో లేదు.

1950ల తరవాత కళా గారు దక్షిణ కాలిఫోర్నియాలో ఉన్నారు. 1965 చట్టంతో కొత్తగా వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు, చదువుకునే పిల్లలు ఆమె ఇంటికి భోజనాలకు వెళ్లేవారు. అందరూ ఆమెను మదర్ ఇండియా అనేవారట. కొత్త ఊళ్లో మొదటి రోజు అన్నం పెట్టిన చెయ్యి ఎవరికీ మరపు రాదు, ఈ సంగతి మన క్యాంపుల్లో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1982లో కుటుంబంవాళ్లు ఆమెను కూర్చోబెట్టి పాత సంగతులన్నీ అడిగి టేపులో రికార్డు చేశారు. మరుసటి ఏడాది, 1983లో, ఆమె కన్నుమూశారు. బర్కిలీ తాళాల కథ అలా దక్కింది. ఆమె మనవరాలు ఒకరు ఇంట్లో భద్రంగా ఉన్న ఫొటోలు, ఉత్తరాలు, పౌరసత్వం పత్రం, ముక్కుపుడక వార్త కత్తిరింపు అన్నీ స్కాన్ చేయించి, 2008లో మొదలైన దక్షిణాసియా అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ అనే సంస్థకు ఇచ్చారు. ఇప్పుడు ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఏంజెల్ ఐలాండ్‌లో గుమస్తాలు రాసిన ఫైళ్లు కూడా శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన శాన్‌బ్రూనోలోని ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

బర్కిలీ నగర కౌన్సిల్ 2020లో ఊరి నడిబొడ్డున షాటక్ అవెన్యూలో ఒక భాగానికి కొత్త పేరు పెట్టాలని తీర్మానించింది. ఇప్పుడు అక్కడి బోర్డు మీద కళా బగాయి వే అని ఉంది. ఆ వీధి చిరునామాలో ఆమె పేరే ఉంది.